మందు మీద నీళ్ళు

కాలికి ముల్లు దిగితే గొంతులో పుండు పడిన మనిషిని ఎవరైనా చూశారా? నేను చూశాను. ఆమె మా అమ్మ. ఆ పుండు పెట్టింది మా పెద్దనాయన వైద్యం అని చాలా ఏళ్ళు కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుంటూ తిరిగాను. చెప్పినప్పుడల్లా కడుపు చల్లబడేది. అది అబద్ధం కాదు. అయితే అదే అంతా కూడా కాదు.

అరవైల మొదట్లో మాట. మా ఇల్లు పెనుకొండలో. నాయనకు ధర్మవరం జంక్షనులో రైలు ఉద్యోగం. వారానికొకసారి వచ్చి, నీళ్ళు పోసుకుని, తిని, గురక పెట్టి నిద్రపోయి మళ్ళీ బండెక్కేవాడు. ఇంట్లో ఏం జరుగుతోందని అడిగే అలవాటు ఆయనకు లేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని భయం కాబోలు. పెత్తనమంతా ఆయన అన్నగారిది, అంటే మా పెద్దనాయనది. పెండ్లాం పోయింది, పిల్లలు లేరు, పొలం సగం పంటకు కోరుకిచ్చేశాడు. పొద్దున లేస్తే చేయడానికి పని లేదు. అట్లాంటి మనిషి ఊరికే కూర్చున్నా లోకానికి మేలే. ఈయన కూర్చోలేదు, వైద్యం మొదలుపెట్టాడు.

ఆయనకు తెలిసింది ఒకే ఒక్క మందు, పసిరికలకు పసరు. కళ్ళు పచ్చబడి వచ్చినవాళ్ళకు ఏదో ఆకు నూరి, ఉండ చేసి, పరగడుపున మింగించేవాడు. మింగాక జాముసేపు నీళ్ళు ముట్టకూడదు. కంబళి కప్పుకుని వెల్లకిలా పడుకోవాలి. మూడు వారాలు ఉప్పూ కారం మానాలి. చెన్నేకొత్తపల్లి నుంచి కూడా మనుషులు బస్సెక్కి వచ్చేవాళ్ళు. పసిరికలు చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆయనకు చివరిదాకా తెలియలేదు. తగ్గితే మందు గొప్ప. తగ్గకపోతే రోగి దొంగతనంగా నీళ్ళు తాగాడు. ఈ పద్ధతిలో వైద్యం చేస్తే ఎవడైనా ధన్వంతరే.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా ఇళ్ళలో తమ్ముడి పెండ్లాం బావకు ఎదురుపడి మాట్లాడేది కాదు. అది మర్యాదట. ఒకే కప్పు కింద ఇరవై ఏళ్ళుగా ఉంటూ, ఆయనకు మూడు పూటలా వండిపెడుతూ, మా అమ్మ ఆయనతో ఒక్క మాట నేరుగా అనలేదు. వంటింటి తలుపు వెనక నిలబడి నాతో అనేది, "సంగటి అయిందని చెప్పు." ఆయన నాలుగు బారల దూరంలో కూర్చుని అంతా విని, విననట్టు నన్నడిగేవాడు, "ఏమంటాందే మీ అమ్మ?" నేను చెప్పేదాన్ని. ఆయన జవాబు నాకిచ్చేవాడు. అది నేను తలుపు వెనక్కి మోసేదాన్ని. చెవులున్న ఇద్దరు మనుషుల మధ్య నా పుట్టుక అంతా ఈ మోతకే సరిపోయింది.

పెద్దదాన్నయ్యే కొద్దీ నేను మాటలను ఏరడం నేర్చుకున్నాను. ఎస్సెల్సీ ముగించి, టీచరు ట్రైనింగుకు పిలుపు ఎప్పుడొస్తుందా అని ఇంట్లో కూర్చున్న రోజులవి. నాకంటే తెలివైనవాళ్ళు ఆ ఇంట్లో లేరని నా గట్టి నమ్మకం. అమ్మ అన్నదాంట్లో పెద్దనాయనకు కోపం తెప్పించేది ఉంటే దారిలోనే పారేసేదాన్ని. ఆయన అన్నదాంట్లో అమ్మకు ఏడుపు తెప్పించేది ఉంటే దానికీ అదే గతి. గలాటా లేకుండా ఇల్లు నడిపిస్తున్నది నేనే అనుకునేదాన్ని. లోపల మాత్రం ఇద్దరినీ చూసి నవ్వుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అమ్మకు దొడ్లో తుమ్మముల్లు మడమలో దిగింది. పెద్దనాయన వారం రోజులు ఆకులు నూరి కట్టాడు. మడమ టెంకాయంత వాచి చీము పట్టింది. నాయన వచ్చిన రోజున చూసి, "హిందూపురం డాక్టరుకు చూపీండప్పా" అని, తనకు డ్యూటీ ఉందని బండెక్కి పోయాడు. పెద్దనాయనకు ఇంగ్లీషు డాక్టరంటే పడదు. కానీ ఆడవాళ్ళను ఒంటిగా పంపడం అంతకన్నా పడదు. ముఖం ముడుచుకుని మాతో వచ్చాడు.

హిందూపురం డాక్టరు మాటలు లెక్కపెట్టి వాడే మనిషి. అమ్మను అడిగాడు, "ఎన్ని దినాలైంది?" పెద్దనాయన గదిలో ఉన్నాడు కాబట్టి అమ్మ కొంగు సర్దుకుని నోరు మూసుకుంది. ఆయనే చెప్పాడు. "నొప్పి ఎట్లుంది?" దానికీ ఆయనే చెప్పాడు. ఎవరి మడమో ఎవరి నొప్పో డాక్టరుకు అక్కరలేదు. గడ్డ కోసి, కట్టు కట్టి, చీటీ రాసి ఇచ్చాడు. పసుప్పచ్చ గొట్టం మాత్రలు, కాప్సూల్ అంటారే అవి, పూటకొకటి. ఎట్లా మింగాలో చెప్పలేదు. అంత చిన్న మాటకు ఆయన నోరు తెరుస్తాడా?

రైల్లో తిరిగి వస్తూ పెద్దనాయన తీర్పు చెప్పేశాడు. "ఇంగ్లీషుదైతే ఏమి, మందు మందే. మందు మీద నీళ్ళు తాగితే పలచబడి పోతాది. ఇంగ పని యాడ చేస్తాది? పద్దెం పద్దెమే." పథ్యం అన్న మాట ఆయన నోట అట్లాగే పలికేది. ఎదురు సీటులో ఉన్న పెద్దమనుషులు తలలూపారు. నేనూ ఊపలేదని ఒట్టు పెట్టలేను.

అట్లా పసరు ఉండకు ఉన్న శాస్త్రమంతా గొట్టం మాత్రకు అంటించాడు. నాలుక మీద చుక్క తేనె, దాని మీద మాత్ర. ఉమ్ముతో మింగాలి. మింగిన వెంటనే పడుకోవాలి, కంబళి కప్పాలి, జాముసేపు నీళ్ళ ఊసు ఎత్తకూడదు. దగ్గరుండి ఇదంతా జరిపించే పని నాది. చెంబు కూడా అమ్మ చేతికందకుండా గూట్లో పెట్టమన్నాడు. పెట్టాను.

మొదటి రోజు ఎట్లాగో గడిచింది. రెండో రోజు పొద్దున మాత్ర మింగి పడుకున్న కాసేపటికే అమ్మ నా చేయి పట్టుకుంది. "పాపా, మాత్ర ఈడే నిల్చినట్లుండాది. రవ్వంత నీళ్ళియ్యి." రొమ్ము మధ్య వేలు పెట్టి చూపించింది. జాము కాలేదమ్మా అన్నాను. ఆమె కాసేపు ఓర్చుకుంది. తర్వాత అంది, "మీ పెద్దనాయన్ను అడిగిరా. ఈ మాత్రకు నీళ్ళు కావల్లని అమ్మ అంటాందని చెప్పు."

లేచి వెళ్ళాను. పెద్దనాయన వసారాలో కూర్చుని, పసిరికల మనిషి ఎవరితోనో, కళ్ళ కింది రెప్ప లాగి చూస్తూ, ఇంగ్లీషు వైద్యులను తిడుతున్నాడు. మంచి ఊపు మీద ఉన్నాడు. నేను గడప దగ్గర ఒక నిమిషం నిలబడ్డాను. ఇప్పుడు అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మనిషి ముందే నా మీద అరుస్తాడు, నీళ్ళు వద్దంటాడు, ఆ పూటంతా సణుగుతాడు. ఎట్లాగూ వద్దనేదానికి అడగడమెందుకు? వెనక్కి వచ్చి అమ్మతో చెప్పాను. "వద్దన్నాడమ్మా."

అమ్మ అటువైపు తిరిగి పడుకుంది. సాయంత్రం మాత్రకు మళ్ళీ అదే మాట అడిగింది. ఈసారి నేను వసారాదాకా కూడా పోలేదు.

మూడో రోజుకు సంగటి మింగలేకపోయింది. మా వైపు సంగటి నమిలేది కాదు, ముద్ద చేసి చారులో అద్ది గుటుక్కున మింగేది. నాలుగు ముద్దలు మింగి దొడ్లో పనికి పోయే మనిషి, వేలెడంత ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళలో నీళ్ళు తిప్పుకుంది. బయటికి ఉమ్మేసింది. పల్చటి అంబలి పోశాను. గుటక వేసినప్పుడల్లా రొమ్ము పట్టుకుని ముందుకు వంగేది. నాలుగో రోజుకు ఉమ్మి మింగడానికి కూడా భయపడి, పక్కన మూకుడు పెట్టుకుని అందులో ఉమ్మేసేది. మడమ పుండు మాత్రం చక్కగా ఎండుకొస్తోంది. దాన్నెవరూ చూడలేదు. చూస్తే పెద్దనాయన శాస్త్రానికి అడ్డం వస్తుంది కదా.

ఆ శాస్త్రం ఏమిటంటే, మడమలోని విషం పైకెక్కుతోంది. నన్ను ఎదురుగా నిలబెట్టి, నేలమీద పుల్లతో మనిషి బొమ్మ గీసి చూపించాడు. "ఈడ దిగె. ఈడికొచ్చె. ఇప్పుడు గొంతులో ఉండాది. ఇంగ తలకెక్కితే ఐపాయె." ఆ బొమ్మకు గొంతు ఎక్కడో కడుపు ఎక్కడో నాకు తెలియలేదు, గీసినాయనకూ తెలిసుండదు. విషాన్ని గొంతు దగ్గరే ఆపాలట. దానికి తలుపుల అనే ఊరి నుంచి వాతలు పెట్టే ముసలాయన్ను పిలిపిస్తాడట. పసుపుకొమ్ము కాల్చి మెడకింద మూడు, రొమ్ము మీద రెండు. శుక్రవారం మంచిదట. అది మంగళవారం.

నాయనకు కబురు పంపాను. ధర్మవరం పోయే బండి గార్డు చేతికి చీటీ ఇచ్చాను. మరునాటి బండికి జవాబు వచ్చింది. "అన్న చెప్పినట్టు చేయండి." అంతే. ఎర్రజెండా పచ్చజెండా చూపించే ఉద్యోగం చేసీ చేసీ, ఇంట్లో పచ్చజెండా తప్ప ఇంకోటి ఊపడం మరిచిపోయాడు.

వాతల మాట విన్నప్పుడు అమ్మ ఏడవలేదు. "మెడ మీదంటే అందరికీ కనపడతాది పాపా. రొమ్ము మీదే పెట్టమని చెప్పు" అంది. ఆ మాట నేను మోయలేదు. మొదటిసారి నాకు భయం వేసింది. కళ్ళముందే ఒక మనిషి బతికుండగానే కాలడానికి ఒప్పేసుకుంటోంది. నేనేమో సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న దాన్ని, గూట్లో చెంబు పెట్టి కాపలా కాస్తున్నాను. నిజం చెప్పాలంటే, అమ్మ కొంచెం ఎక్కువ చేస్తోందేమో అన్న అనుమానం కూడా నాకుంది. అది తేల్చుకోవాలనిపించింది. మధ్యాహ్నం మాత్ర అమ్మకు ఇవ్వకుండా నేనే వేసుకున్నాను. తేనె చుక్క, ఉమ్ము, పడక, కంబళి. అన్నీ ఆమెకు చేయించినట్టే.

మాత్ర దిగలేదు. రొమ్ము మధ్యలో అతుక్కుని కూర్చుంది. తడి వేలికి పట్టుకున్న కాగితం ముక్క ఎట్లా వదలదో అట్లా వదల్లేదు. దగ్గాను, గుటకలు మింగాను. కాసేపటికి అక్కడ మిరపకాయ నూరి రాసినట్టు మంట మొదలైంది. లేచి పరుగెత్తి చెంబెడు నీళ్ళు తాగాను. మంట పోలేదు. నేను కాపలా కాసిన చెంబే అది, నాకైతే ఎవరి సెలవూ అక్కరలేకపోయింది. ఒక్క మాత్రకే నాకిట్లా ఉంటే, అమ్మ గొంతులో ఎన్ని మాత్రలు అట్లా కరిగాయో లెక్క వేసుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఆ పూటతో మాత్రలు ఆపేశాను. అమ్మ పక్కన చెంబు పెట్టాను. అప్పటికి నీళ్ళు కూడా ఆమెకు మంటే. ఒక గుక్క తాగి చాలంది.

మరునాడు పొద్దున నేను కూడా మింగలేకపోతున్నాను. పెద్దనాయన దగ్గరికి పోయి చెప్పాను. "విషం లేదు, ఏం లేదు. నీళ్ళు తాగకపోతే ఆ మాత్ర ఈడ అతుక్కుంటాది. నేను మింగి చూస్తి. నాకూ అట్లే అయింది." ఇంత కంటే రుజువు ఏం కావాలి? ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీకూ అంటుకునిందా?" అన్నాడు.

నా రుజువు ఆయన చేతిలో అంటురోగం అయింది. ఎంత చెప్పినా వినలేదు. వినకపోగా, కాసేపటికి తన గొంతు తడుముకోవడం మొదలుపెట్టాడు. ఈ ఇంట్లో మా ఇద్దరి చేతి సంగటి తింటున్నది తనే కదా. అద్దం తెచ్చుకుని ఎండలో నిలబడి, నోరు తెరిచి, నాలుక చాపి చూసుకున్నాడు. ఆ పూట మేం వండింది ముట్టలేదు. అంగట్లో బొరుగులు తెప్పించుకుని గోడ పక్కన కూర్చుని నమిలాడు. అమ్మకు వాతలు పెట్టడానికి శుక్రవారందాకా ఆగగలిగిన మనిషి, తన గొంతు అనుమానానికి ఒక్క పూట ఆగలేకపోయాడు. మొదటి బండికే ముగ్గురం హిందూపురం బయలుదేరాం. రైలు పెట్టెలో ఆయన మాకు దూరంగా, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ధన్వంతరి.

డాక్టరు దగ్గర మొదట నోరు తెరిచింది ఆయనే. డాక్టరు టార్చి వేసి చూశాడు. "నీకేం లేదు, లేచి పక్కకు పో." పెద్దనాయనకు కొంచెం అవమానం కూడా అయినట్టుంది. తర్వాత నేను కూర్చున్నాను. జరిగింది చెప్పాను, మాత్ర, తేనె, పడక, అన్నీ. డాక్టరు టార్చి కిందికి దించి మా ముగ్గురినీ చూశాడు.

"మాత్ర నీళ్ళతో మింగల్లని కూడా నేను చెప్పాల్నా మీకు?"

చెప్పాల్సిందే కదయ్యా, నువ్వు కాకపోతే ఎవరు చెప్తారు అని మనసులో అనుకున్నాను. బయటికి అనలేదు. ఆయన ఆ రోజు మాటలు కాస్త ధారాళంగానే వాడాడు. ఆ గొట్టం తడికి అతుక్కుంటుందట. నీళ్ళు తోయకపోతే, అందులోనూ పడుకుంటే, అన్నం దిగే గొట్టంలోనే ఆగి అక్కడే పగిలిపోతుందట. లోపలి మందు పట్టిన చోటల్లా పుండు చేస్తుందట. మాత్రలు మానేశారు కాబట్టి మానుతుంది, నెల పట్టినా పట్టొచ్చు అన్నాడు. వాతల సంగతి విని పెద్దనాయన వైపు ఎట్లా చూశాడంటే, ఆ చూపు నేను చాలా ఏళ్ళు దాచుకున్నాను.

తర్వాత అమ్మను అడిగాడు. "ఏమమ్మా, అంత నొప్పి పెడతాంటే నీళ్ళు ఎందుకు తాగల్యా?"

అమ్మ కొంగు సర్దుకుంది. పెద్దనాయన అలవాటుగా అందుకున్నాడు. "అదేంలే సార్, ఆమె..." డాక్టరు చేయి ఎత్తాడు. "నిన్ను అడగల్యా." పెద్దనాయన ముఖం ఎర్రబడింది. అందరి ముందూ తప్పు తన మీదికే వస్తోంది. "నేనేమన్నా రాక్షసున్నా సార్? నొప్పి తట్టుకోల్యాక పోతాండా అని ఒక్క మాట అడిగిచ్చింటే, నేను వద్దంటానా?"

అంటాడు. తప్పకుండా అంటాడు. అది నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపల అమ్మ తల ఎత్తింది. నా వైపు చూడలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. గొంతు బొంగురుపోయి ఉంది, ఒక్కొక్క మాటా నొప్పితోనే వచ్చింది.

"అడిగిస్తి గదా బావా. మీరు వద్దంటిరంట."

పెద్దనాయనకు మొదట మాట అర్థం కాలేదు. తమ్ముడి పెండ్లాం తనతో మాట్లాడిందన్న విషయమే ఆయన బుర్రలోకి ముందు పోయింది. కాసేపటికి మిగతాది పోయింది. ఆయన కూడా ఆమెకే జవాబు చెప్పాడు, నేరుగా.

"నన్నెవురడిగిరి? నన్నెవురూ అడగల్యా తల్లీ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. డాక్టరు కూడా చూశాడు. ఒప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నాకు మాటలు రాకపోవడమనేది లేదు, ఆ ఇంట్లో మాటలు మోసి బతికినదాన్ని. చేయి గొంతు మీద పెట్టుకుని, నొప్పిగా ఉంది, మాట్లాడలేను అన్నట్టు సైగ చేశాను. డాక్టరు నమ్మాడు. పెద్దనాయన కూడా నమ్మాడు, ఆయన ఏదైనా నమ్ముతాడు. అమ్మ నా చేతిని చూసింది, నన్ను చూసింది, తల దించుకుంది.

అమ్మ గొంతు నెల రోజులకు మానింది. మొదట పాలు, తర్వాత అంబలి, ఆ తర్వాత వేలి కొసంత సంగటి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తలదువ్వేది, అన్నం పెట్టేది, ట్రైనింగుకు పోయేటప్పుడు పెట్టె సర్ది ఇచ్చింది. కానీ హిందూపురం నుంచి దిగిన ఆ సాయంత్రం నుంచే తలుపు ఇవతలికి వచ్చి నిలబడి, "బావా, సంగటి అయింది" అని తనే పిలిచేది. ఊరు నాలుగు మాటలనుకుంది, అనుకోనీ అంది. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏ మాటా నా చేత పంపలేదు.